ఆపరేషన్ టేబుల్ దాకా రానివాళ్ల లెక్క

రెండు ఆసుపత్రులు ఉన్నాయనుకుందాం. రెండింట్లోనూ ఏడాదికి వెయ్యి బైపాస్‌లు జరుగుతాయి. మొదటిదాంట్లో ఆపరేషన్ తర్వాత 19 మంది చనిపోయారు, రెండోదాంట్లో 51 మంది. మీ ఇంట్లో ఒకరికి మూడు నాళాల్లోనూ బ్లాకులున్నాయి, పంపింగ్ తగ్గింది, షుగర్ ఎప్పట్నుంచో ఉంది. ఎక్కడికి తీసుకెళ్తారు?

మొదటిదానికే అంటారు ఎవరైనా. ఇప్పుడు ఆ లెక్కనే కాస్త విప్పి చూద్దాం. మొదటి ఆసుపత్రి చేసిన వెయ్యిలో 900 తేలికపాటి కేసులు, 100 క్లిష్టమైనవి. తేలిక కేసుల్లో పోయింది 9 మంది, అంటే నూటికి ఒకరు. క్లిష్టమైన వందమందిలో 10 మంది పోయారు. రెండో ఆసుపత్రిలో తేలిక కేసులు 400 మాత్రమే. వాళ్లలో పోయింది ముగ్గురు, నూటికి ఒకరు కూడా లేరు. మిగతా 600 మందీ క్లిష్టమైనవాళ్లే, వాళ్లలో 48 మంది పోయారు, నూటికి 8 మంది. తేలిక కేసు తీసుకున్నా, క్లిష్టమైన కేసు తీసుకున్నా, మనిషి బతికి బయటపడే అవకాశం రెండో ఆసుపత్రిలోనే ఎక్కువ. అన్నీ కలిపి ఒక్క అంకెలో చెప్పేసరికి మాత్రం మొదటిది 1.9 శాతం, రెండోది 5.1 శాతం అవుతుంది.

ఈ అంకెలు నేను వేసుకున్నవి, ఏ ఆసుపత్రివీ కావు. కానీ ఇలాంటి తికమక గుండె ఆసుపత్రుల లెక్కల్లో కొత్తేమీ కాదు. 1986లో అమెరికా ప్రభుత్వం మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే) బీమా ఉన్న రోగుల మరణాల ఆధారంగా ఆసుపత్రుల వివరాలు బయటపెట్టింది. అందులో అన్నింటికంటే ఘోరంగా కనిపించిన సంస్థ ఏదని ఆరా తీస్తే, అది చివరి రోజుల్లో ఉన్నవాళ్లకు బాధ లేకుండా చూసుకునే హాస్పిస్ అని తేలింది. అక్కడికి వెళ్లేదే కన్నుమూయడానికి.

ఎంతమంది పోయారన్నది సగం ప్రశ్నే. ఎలాంటివాళ్లు లోపలికి వచ్చారు, ఎలాంటివాళ్లను రానివ్వలేదు అన్నది మిగతా సగం. రెండో సగాన్ని అడిగేవాళ్లు తక్కువ.

తీవ్రమైన జబ్బు అంటే ఎంత తీవ్రం?

గుండె కండరానికి రక్తం అందించే పెద్ద నాళాలు మూడు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒక పొట్టి కాండం బయల్దేరి రెండు కొమ్మలుగా చీలుతుంది. వీటి లోపలి వెడల్పు మూడు, నాలుగు మిల్లీమీటర్లు. ఆ ఎడమ కాండమే లెఫ్ట్ మెయిన్. పొడవు చూస్తే సెంటీమీటరో, ఒకటిన్నరో. మిగతా చోట్ల సాధారణంగా 70 శాతం మూసుకుపోతే పెద్ద బ్లాక్ అంటారు. లెఫ్ట్ మెయిన్‌లో మాత్రం 50 శాతానికే కంగారు పడతారు. ఒళ్లంతటికీ రక్తం పంపే ఎడమ జఠరికకు (గుండెలోని కింది గది) వెళ్లే రక్తంలో ఎక్కువ భాగం ఆ కాస్త గొట్టంలోంచే పోవాలి మరి.

రిపోర్టులో 'ట్రిపుల్ వెసెల్' అని ఉన్నవాళ్లంతా ఒకటి కాదు. ఒకరికి మూడు నాళాల్లో మూడు చిన్న బ్లాకులు, మెత్తనివి, సూటిగా ఉన్న చోట. ఇంకొకరికి నాళం చీలే చోటే బ్లాక్, అందులో సున్నం పేరుకుపోయి రాయిలా ఉంటుంది, మరో నాళం ఏళ్ల క్రితమే పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది. ఈ తేడాను అంకెల్లో పెట్టడానికే సింటాక్స్ స్కోరు వచ్చింది. యాంజియో చిత్రం చూసి ఒక్కో బ్లాక్‌కూ మార్కులు వేస్తారు. 22 వరకు తక్కువ, 33 నుంచి ఎక్కువ. ఇక్కడ మార్కులు పెరిగేకొద్దీ స్టెంట్ కంటే బైపాస్ వైపు మొగ్గుతారు.

నాళాల సంగతి అలా ఉంటే, కండరం సంగతి వేరు. పంపింగ్ అంటే ఎడమ జఠరిక తనలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే శాతం. అది 55 ఉన్న గుండె ఆపరేషన్ దెబ్బను తట్టుకున్నట్టు 25 శాతం ఉన్న గుండె తట్టుకోలేదు. దానికి కిడ్నీ, ఊపిరితిత్తులు, షుగర్, వయసు తోడవుతాయి. అన్నింటికంటే పెద్ద తేడా మనిషి ఏ స్థితిలో వచ్చాడన్నది.

థామస్ కిలిప్, జాన్ కింబాల్ అనే ఇద్దరు డాక్టర్లు 1967లో 250 మంది గుండెపోటు రోగులను నాలుగు వర్గాలుగా విడదీశారు. పరికరాలేమీ అక్కర్లేదు, స్టెతస్కోప్ పెట్టి ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు వినడం, బీపీ చూడటం, చేతులు కాళ్లు చల్లబడ్డాయా అని పట్టుకుని చూడటం, అంతే. గుండె బలహీనపడిన లక్షణాలేవీ లేనివాళ్లలో 6 శాతం చనిపోయారు. బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్లినవాళ్లలో 81 శాతం. ఆసుపత్రి ఒకటే, డాక్టర్లు ఒకటే, వార్డు ఒకటే. జబ్బు పేరూ ఒకటే. స్టెంట్లు లేని కాలం అది, ఇప్పుడు అంకెలు చాలా మారాయి. కానీ మొదటి వర్గానికీ నాలుగో వర్గానికీ మధ్య ఆ అగాధం అలాగే ఉంది.

రావాల్సిన చావులు, వచ్చిన చావులు

మరి వేర్వేరు రోగులు వచ్చే ఆసుపత్రులను ఎలా పోల్చాలి? దీనికి గణాంకవేత్తలు కనిపెట్టిన పద్ధతి సూటిగానే ఉంటుంది. ప్రతి రోగికీ ఆపరేషన్‌కు ముందే, ఇతని వివరాలున్నవాళ్లు సగటున నూటికి ఎంతమంది పోతారో లెక్క వేస్తారు. అవన్నీ కూడితే ఆ ఆసుపత్రిలో రావాల్సిన మరణాల సంఖ్య వస్తుంది. నిజంగా వచ్చిన మరణాలను దానితో పోలుస్తారు. నా ఊహా లెక్కకే వద్దాం. అన్ని ఆసుపత్రుల సగటు తేలిక కేసుల్లో నూటికి 1, క్లిష్టమైనవాటిలో నూటికి 9 అనుకోండి. మొదటి ఆసుపత్రికి రావాల్సినవి 18, వచ్చినవి 19. రెండోదానికి రావాల్సినవి 58, వచ్చినవి 51. ఎక్కడికి వెళ్లాలో ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది కదా.

ఇలాంటి మోడళ్లలో బాగా వాడుకలో ఉన్నది యూరోస్కోర్ 2. దీన్ని 43 దేశాల్లోని 154 ఆసుపత్రుల నుంచి, 22,381 మంది రోగుల వివరాలతో తయారుచేసి 2012లో ప్రచురించారు. వయసు, ఆడా మగా, కిడ్నీ పనితీరు, ఊపిరితిత్తుల జబ్బు, పంపింగ్, ఇటీవల గుండెపోటు వచ్చిందా, ఇంతకుముందు గుండె ఆపరేషన్ జరిగిందా, ఎమర్జెన్సీయా, ఇన్సులిన్ వాడుతున్నారా, ఇలా ఒక్కో గడీ నింపుతూ పోతే చివర్లో ఒక శాతం వస్తుంది. డాక్టరుగారు "రిస్క్ మూడు శాతం ఉంటుందండీ" అన్నప్పుడు చాలాసార్లు ఆ మూడు ఇలాంటి చోట నుంచి వచ్చిందే.

ఇది మంచి పనిముట్టే. కాకపోతే గడుల్లో పట్టనివి కొన్ని ఉంటాయి. సర్జన్ ఛాతీ తెరిచి చూస్తే బ్లాక్ దాటిన తర్వాత కూడా నాళం దారంలా సన్నబడిపోయి, కొత్త నాళాన్ని అతకడానికి చోటే ఉండకపోవచ్చు. మోడల్‌కు అది తెలియదు. మనిషి మొత్తంగా ఎంత డీలాపడి ఉన్నాడన్నదీ దానికి సరిగ్గా తెలియదు. యూరోస్కోర్ 2లో కదలిక గురించి ఒక గడి ఉంది, కానీ అది ఎముకలు, నరాల జబ్బువల్ల సరిగా నడవలేనివాళ్ల కోసం, అది కూడా అవును, కాదు అనే తీరులో.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది, నాకు బాగా నచ్చింది. వరండాలో ఐదు మీటర్లు కొలిచి గీత గీస్తారు. పెద్దాయనను మామూలుగా నడవమంటారు, పరుగు అక్కర్లేదు. స్టాప్‌వాచ్ నొక్కుతారు. ఆరు సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే నెమ్మది నడక కింద లెక్క. 70 ఏళ్లు, ఆ పైబడినవాళ్ల మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా నెమ్మదిగా నడిచేవాళ్లకు గుండె ఆపరేషన్ తర్వాత చనిపోయే లేదా పెద్ద చిక్కుల్లో పడే ప్రమాదం దాదాపు మూడు రెట్లు ఉన్నట్టు కనిపించింది. ఒకే వయసు, ఒకే పంపింగ్, ఒకే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) ఉన్న ఇద్దరిని కాగితం మీద కవలల్లా చూపించే మోడల్, ఆ వరండాలో ఇద్దరి మధ్య ఉన్న తేడాను చూడలేదు.

ఇంకో తలనొప్పి ఉంది. గడులు నింపేది ఆసుపత్రే. రోగికి ఊపిరితిత్తుల జబ్బు ఉందని రాస్తే రావాల్సిన మరణాలు పెరుగుతాయి, ఆసుపత్రి పేరు మెరుగుపడుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఈ లెక్కలు మొదలైన కొద్ది కాలానికే ఊపిరితిత్తుల జబ్బు, గుండె వైఫల్యం ఉన్నట్టు రాసిన రోగుల శాతం రెండింతలు దాటింది. అంత తక్కువ కాలంలో ఒక రాష్ట్రం జనం ఆరోగ్యం అంతగా పాడవదు. అందులో కొంత ఇదివరకు రాయకుండా వదిలేసినవి ఇప్పుడు శ్రద్ధగా రాయడం అయ్యుంటుంది. అంతా అదేనని మాత్రం నమ్మబుద్ధి కాదు.

అదృష్టం పాత్ర

ఎంత సరిచేసినా మిగిలిపోయేది యాదృచ్ఛికత. అచ్చంగా ఒకే నైపుణ్యం ఉన్న 20 ఆసుపత్రులు, ఒక్కోదాంట్లో ఏడాదికి 100 ఆపరేషన్లు, అందరిదీ నిజమైన ప్రమాదం 2 శాతమే అనుకోండి. ఏడాది చివర్లో చూస్తే, కేవలం అదృష్టం వల్ల వాటిలో రెండు మూడు ఆసుపత్రుల్లో ఒక్క మరణమూ ఉండదు. ఒకదాంట్లో ఐదు లేదా అంతకంటే ఎక్కువ ఉంటాయి. మొదటివాళ్లు 'సున్నా మరణాలు' అని హోర్డింగ్ పెట్టుకుంటారు. చివరివాళ్ల మీద విచారణ కమిటీ పడుతుంది. మరుసటి ఏడాది రెండూ సగటుకు చేరతాయి, హోర్డింగ్ ఎవరూ దించరు, కమిటీ తనవల్లే మెరుగుపడిందనుకుంటుంది. ఒక్కో సర్జన్ లెక్క తీస్తే సంఖ్యలు ఇంకా చిన్నవి. అందుకే న్యూయార్క్ సర్జన్ల వివరాలను మూడేళ్లవి కలిపి ప్రచురిస్తుంది.

న్యూయార్క్‌లో ఏం జరిగింది

గుండె ఆపరేషన్ల ఫలితాలను జనం ముందు పెట్టడంలో న్యూయార్క్ రాష్ట్రానిదే తొలి పెద్ద ప్రయోగం. 1989లో రోగుల వివరాలు సేకరించడం మొదలుపెట్టారు. 1990 చివర్లో ఆసుపత్రులవారీగా మరణాల రేట్లు బయటకొచ్చాయి. న్యూస్‌డే పత్రిక కోర్టుకు వెళ్లడంతో 1991లో సర్జన్ల పేర్లతో సహా ఇవ్వాల్సి వచ్చింది. సర్జన్లు మండిపడ్డారు. కానీ 1989లో 4.17 శాతం ఉన్న బైపాస్ మరణాల రేటు, రోగుల తీవ్రతను లెక్కలోకి తీసుకున్న తర్వాత, 1992కి 2.45 శాతానికి దిగింది. మూడేళ్లలో అంత తగ్గుదల చిన్న విషయం కాదు.

ఎలా తగ్గిందో తెలియాలంటే ఆల్బనీ నగరంలోని సెయింట్ పీటర్స్ ఆసుపత్రి కథ చూడాలి. వాళ్ల మరణాల రేటు ఎక్కువని నివేదిక చెప్పింది. మొదట వాళ్లూ అందరిలాగే మోడల్‌నే అనుమానించారు. తర్వాత ఫైళ్లు ముందేసుకుని కూర్చున్నారు. ముందుగా నిర్ణయించుకుని చేసిన ఆపరేషన్లలో తేడా ఏమీ లేదు. చిక్కంతా ఎమర్జెన్సీ కేసుల్లో ఉంది. 1992లో అలాంటివాళ్లు 42 మంది వస్తే 11 మంది చనిపోయారు. గుండెపోటుతో, పడిపోతున్న బీపీతో వచ్చినవాళ్లను ఆలస్యం చేయకూడదని ఉన్నపళంగా థియేటర్లోకి తీసుకెళ్తున్నారు. బయట నుంచి చూస్తే అది చురుకుదనమే. కానీ గుండె కుదుటపడకముందే కోత పెడుతున్నారు. పద్ధతి మార్చారు. తొడ దగ్గరి నాళంలోంచి గుండెకు సాయపడే బెలూన్ పంపు పెట్టి, మందులతో ముందు మనిషిని నిలబెట్టి, ఆ తర్వాత టేబుల్ ఎక్కించారు. 1993లో 54 ఎమర్జెన్సీ కేసులు వస్తే ఒక్కరూ చనిపోలేదు. సర్జన్ల చేతులు మారలేదు, ఆపరేషన్ మారలేదు. మనిషిని ఎప్పుడు, ఎలా సిద్ధం చేయాలన్నదే మారింది.

ఇది నాణేనికి బొమ్మవైపు. బొరుసువైపు చూస్తే, అదే కాలంలో న్యూయార్క్ నుంచి బైపాస్ కోసం ఒహాయోలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌కు వెళ్లిన రోగులు మిగతా చోట్ల నుంచి వచ్చినవాళ్ల కంటే క్లిష్టమైన స్థితిలో ఉన్నట్టు 1996లో ఒక పరిశీలన వచ్చింది. సొంత రాష్ట్రంలో ఎవరో చేతులెత్తేసి ఉండాలన్న అనుమానం సహజం. దీన్ని ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు. కానీ 2005లో న్యూయార్క్‌లో స్టెంట్లు వేసే డాక్టర్లను అడిగినప్పుడు, 79 శాతం మంది దాపరికం లేకుండానే చెప్పారు: మరణాల రేట్లు ప్రచురిస్తారన్న సంగతి, ఫలానా రోగికి చేయాలా వద్దా అన్న తమ నిర్ణయంపై కొన్నిసార్లు ప్రభావం చూపిందని.

ఇందులో డాక్టర్లను విలన్లుగా చూడటం తేలిక. లెక్కను వాళ్ల కుర్చీలో కూర్చుని చూస్తే ఇంకోలా ఉంటుంది. గుండెపోటుతో షాక్‌లోకి వెళ్లినవాళ్ల మీద చేసిన షాక్ ట్రయల్ ఫలితాలు 1999లో వచ్చాయి. 302 మందిని రెండుగా విభజించి, సగం మందికి వెంటనే బెలూన్‌తోనో బైపాస్‌తోనో నాళాలు తెరిచారు, మిగతా సగాన్ని ముందు మందులతో నిలబెట్టే ప్రయత్నం చేశారు. నెలకు తేడా గట్టిగా తేలలేదు. ఆరు నెలలకు మాత్రం మొదటి గుంపులో 50.3 శాతం, రెండో గుంపులో 63.1 శాతం పోయారు. అంటే వందమంది అలాంటి రోగులకు నాళాలు తెరిస్తే దాదాపు 13 మంది అదనంగా బతుకుతారు. రోగుల వైపు నుంచి చూస్తే ఇది గొప్ప చికిత్స. ఆసుపత్రి రిజిస్టర్లో మాత్రం ప్రొసీజర్ చేసిన వందలో 50 చావులు పడతాయి. ముట్టుకోకపోతే 63 మంది పోతారు, కానీ ప్రొసీజర్ల లెక్కలో పడేది సున్నా.

ఈ వ్యాసంలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాల్సి వస్తే ఆ సున్నా గుర్తుపెట్టుకోండి. ఎక్కువమందిని బతికించిన ఆసుపత్రికి చెడ్డపేరు, అసలు ముట్టుకోని ఆసుపత్రికి మంచి పేరు. న్యూయార్క్‌వాళ్లు ఈ చిక్కును గుర్తించి 2006 నుంచి షాక్ కేసులను స్టెంట్ల లెక్కలోంచి పక్కన పెట్టడం మొదలుపెట్టారు. నా మటుకు దీనికి సరైన విరుగుడు విభాజకాన్ని, అంటే ఎంతమందిలో అని లెక్కేసే కింది సంఖ్యను, మార్చడమే. 'ఇక్కడ స్టెంట్ వేయించుకున్నవాళ్లలో ఎంతమంది పోయారు' అని కాకుండా, 'ఇలాంటి గుండెపోటుతో ఈ గుమ్మం ఎక్కినవాళ్లలో, చేసినా చేయకపోయినా, ఎంతమంది పోయారు' అని అడగాలి. అప్పుడు తప్పించుకోవడానికి దారి ఉండదు. 2010 లెక్కల్లో, ఇలా ఫలితాలు ప్రచురించే రాష్ట్రాల్లో గుండెపోటు వచ్చిన వృద్ధులకు స్టెంట్ ప్రొసీజర్లు 37.7 శాతం మందికి జరిగితే, ప్రచురించని రాష్ట్రాల్లో 42.7 శాతం మందికి జరిగాయి. మొత్తం మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వదిలేసినవాటిలో కొన్ని అనవసరమైన ప్రొసీజర్లూ ఉండి ఉండొచ్చు మరి. ఏది ఏదో ఆ ఒక్క అంకె చెప్పదు.

ఇంత చేసి ఈ పట్టికలను రోగులు చూస్తున్నారా అంటే, పెద్దగా లేదు. పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో బైపాస్ అయినవాళ్లను అడిగితే, ఆపరేషన్‌కు ముందు అలాంటి నివేదిక ఉందని తెలిసినవాళ్లు 12 శాతమే.

పేర్లు పెట్టకుండా కూడా

జాబితాలు, పత్రికలు, కోర్టులు ఏమీ లేకుండా ఇదే పని చేసినవాళ్లున్నారు. అమెరికాలోని మెయిన్, న్యూ హాంప్‌షైర్, వర్మాంట్ రాష్ట్రాల్లో బైపాస్ చేసే ఆసుపత్రులు 1987లో ఒక బృందంగా ఏర్పడ్డాయి. మొత్తం 23 మంది సర్జన్లు. ఎవరి ఫలితాలు వాళ్లకు చూపించుకున్నారు. తర్వాత ఒకరి ఆసుపత్రికి ఒకరు వెళ్లారు. సర్జన్లు ఒక్కరే కాదు, నర్సులు, మత్తు డాక్టర్లు, గుండె-ఊపిరితిత్తుల యంత్రం నడిపే పెర్‌ఫ్యూజనిస్టులు కూడా. పక్కవాళ్ల థియేటర్లో ఒక మూల నిలబడి, మీరు దీన్ని ఇలా ఎందుకు చేస్తారు అని అడిగారు. పోటీదారులు ఒకరి వంటింట్లోకి ఒకరు తొంగిచూడటం లాంటిది ఇది. ఆ తర్వాత వాళ్ల ఆసుపత్రి మరణాలు అంచనా కంటే 24 శాతం తగ్గాయి. మనుషుల్లో చెప్పాలంటే 74 మంది.

రాత్రి రెండింటికి ఎవరున్నారు

మంచి ఆసుపత్రికీ మామూలు ఆసుపత్రికీ అసలు తేడా ఎక్కడ వస్తుంది? చాలామంది సర్జన్ చేతిలో అనుకుంటారు. 2009లో వచ్చిన ఒక అధ్యయనం ఈ ఊహను బాగా కుదిపింది. అది గుండెది కాదు, సాధారణ, రక్తనాళాల ఆపరేషన్లకు సంబంధించినది. 84,730 మంది రోగులను పరిశీలిస్తే, మరణాలు తక్కువున్న ఆసుపత్రుల్లోనూ ఎక్కువున్న ఆసుపత్రుల్లోనూ ఆపరేషన్ తర్వాత చిక్కులు వచ్చినవాళ్ల శాతం దాదాపు సమానంగా, పావు వంతుకు అటూ ఇటూగా ఉంది. తేడా ఆ తర్వాత వచ్చింది. పెద్ద చిక్కు వచ్చిన వందమందిలో మంచి ఆసుపత్రుల్లో 12.5 మంది పోతే, వెనకబడినచోట్ల 21.4 మంది పోయారు. ఇబ్బంది అందరికీ వస్తుంది. దాన్ని పసిగట్టి ఒడ్డున పడేయడంలోనే తేడా. గుండె ఆపరేషన్ల మీద జరిగిన పరిశీలనల్లోనూ ఇదే ధోరణి కనిపించింది.

బైపాస్ తర్వాత మొదటి రాత్రి ఐసీయూను ఊహించుకోండి. రోగి ఛాతీలోంచి రెండు గొట్టాలు బయటికొచ్చి మంచం పక్కన సీసాలోకి దిగుతుంటాయి. గంటగంటకూ ఎంత రక్తం వచ్చిందో నర్సు గీత పెట్టి రాస్తుంది. పదింటికి 150 మిల్లీలీటర్లు, పదకొండుకి 180, పన్నెండుకి 160. ఒంటిగంటకు ఏమీ రాలేదు. చూసేవాళ్లకు ప్రాణం లేచొస్తుంది, రక్తం ఆగిపోయిందని. అనుభవమున్న నర్సుకు మాత్రం అక్కడే గుండె ఝల్లుమంటుంది. అంతసేపు కారినది ఒక్కసారిగా ఆగిందంటే గొట్టంలో గడ్డ అడ్డుపడి, రక్తం లోపల గుండె చుట్టూ చేరుతూ ఉండొచ్చు. బీపీ మెల్లగా దిగుతుంది, మూత్రం తగ్గుతుంది, మెడ దగ్గరి పెద్ద సిరలో ఒత్తిడి పెరుగుతుంది. ఇంకో గంట చూద్దాం అనుకుంటే ఆ గంటలోనే గుండె ఆగిపోవచ్చు. ఆ నర్సు ఒకేసారి ఎన్ని మంచాలు చూస్తోంది? పిలిస్తే ఎకో (గుండె స్కాన్) తీయగలిగినవాళ్లు ఎంతసేపట్లో వస్తారు? అవసరమైతే మంచం మీదే ఛాతీ మళ్లీ తెరవగలిగినవాళ్లు బిల్డింగులోనే ఉన్నారా, ఇంటి నుంచి రావాలా? సర్జన్ ఎంత పేరున్నవాడైనా ఆ సమయానికి నిద్రపోతూ ఉంటాడు. ఫలితం నిర్ణయమయ్యేది ఈ జవాబుల్లోనే.

నెల రోజులా, పదేళ్లా

ఫలితం అంటే సాధారణంగా 30 రోజుల్లో మరణం. డిశ్చార్జ్ లోపు మరణం అని లెక్కేసేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా బలహీనమైన కొలత. పోయేలా ఉన్న రోగిని ఇంకో చోటికి పంపేస్తే అంకె బాగుపడుతుంది. కానీ 30 రోజులు కూడా తీవ్రమైన జబ్బుకు చాలా పొట్టి కొలబద్ద.

పంపింగ్ 35 శాతం, అంతకంటే తక్కువ ఉన్న 1,212 మందితో జరిగిన స్టిచ్ ట్రయల్ చూడండి. సగం మందికి బైపాస్ చేశారు, సగం మందికి మందులే. మొదటి నెలలో బైపాస్ వైపు ఎక్కువమంది పోయారు, ఆపరేషన్ దెబ్బ అది. ఐదేళ్లకు మొత్తం మరణాల్లో తేడా ఇంకా గట్టిగా తేలలేదు. పదేళ్లకు చూస్తే బైపాస్ వైపు 58.9 శాతం, మందుల వైపు 66.1 శాతం. నెల రోజులకే మార్కులు వేసే పద్ధతిలో బలహీనమైన గుండెలకు ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఫెయిలైనట్టే. పదేళ్ల తర్వాత వచ్చే లాభం ఆ ఏడాది నివేదికలో ఎక్కడా కనపడదు.

స్టెంటా, బైపాసా అన్న పాత వాదులాటలోనూ ఇదే మలుపు ఉంది. లెఫ్ట్ మెయిన్ లేదా మూడు నాళాల జబ్బున్న 1,800 మందిని సింటాక్స్ ట్రయల్ పోల్చింది. మొదటి ఏడాదిలో పక్షవాతం బైపాస్ వైపు ఎక్కువ, 2.2 శాతం, స్టెంట్ వైపు 0.6. మళ్లీ ప్రొసీజర్ చేయాల్సి రావడం మాత్రం స్టెంట్ వైపు రెండింతలకు పైనే. పదేళ్లకు మూడు నాళాల జబ్బున్నవాళ్లలో స్టెంట్ వైపు 28 శాతం, బైపాస్ వైపు 21 శాతం పోయారు. లెఫ్ట్ మెయిన్ ఉన్నవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. షుగర్ ఉన్న 1,900 మందితో జరిగిన ఫ్రీడమ్ ట్రయల్‌లో ఐదేళ్లకే మరణాలు 16.3, 10.9 శాతంగా విడిపోయాయి, బైపాస్‌కే మొగ్గు. అక్కడా పక్షవాతం మాత్రం బైపాస్‌వాళ్లకే ఎక్కువ. మాట పడిపోతుందేమోనన్న భయం ఒకరికి పెద్దదైతే, మళ్లీ ఆసుపత్రి మెట్లు ఎక్కడం ఇంకొకరికి పెద్దది. ఒక్క మరణాల శాతంతో ఈ ఎంపిక తేలదు.

బైపాస్‌లో ఏ నాళం అతికారన్నది కూడా చాలా ఏళ్ల తర్వాత తెలిసే సంగతే. కాలి సిరతో వేసిన దారులు పదేళ్లకు చాలామందిలో సగానికి సగం మూసుకుపోతాయి. ఛాతీ గోడ లోపలి ధమనిని తెచ్చి గుండె ముందువైపు నాళానికి కలిపితే, పదేళ్ల తర్వాత కూడా పదింట తొమ్మిది తెరిచే ఉంటాయి. ఇది 1980ల నుంచి తెలిసిన విషయం. మొదటి నెలలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇంకో సంగతి. తేలిక కేసులతో లెక్కను పల్చన చేయడం. స్టెంట్ల సంఖ్య భారీగా ఉండి మరణాలు బహు తక్కువగా ఉన్న ఆసుపత్రిని చూసి మురిసిపోయే ముందు, ఆ స్టెంట్లు ఎవరికి వేశారో అడగాలి. 5,179 మందితో జరిగి 2020లో వెలువడిన ఇస్కీమియా ట్రయల్‌లో, జబ్బు నిలకడగా ఉన్నవాళ్లకు మందులతో పాటు మొదట్లోనే స్టెంటో బైపాసో చేసినా, మరణాలు తగ్గలేదు. నొప్పి ఎక్కువున్నవాళ్లకు ఉపశమనం దొరికింది, అదీ విలువైనదే. లెఫ్ట్ మెయిన్ బ్లాక్ ఉన్నవాళ్లను, పంపింగ్ బాగా తగ్గినవాళ్లను ఈ ట్రయల్‌లోకి తీసుకోలేదని మర్చిపోకూడదు. అసలు పోయే ప్రమాదమే తక్కువున్నవాళ్లకు వేలల్లో స్టెంట్లు వేస్తే, విభాజకం ఉబ్బి శాతం దానంతటదే అద్భుతంగా కనిపిస్తుంది.

కాబట్టి యాంజియో సీడీ చేతిలో పట్టుకుని డాక్టరు గది బయట కూర్చున్నవాళ్లు "మీ దగ్గర సక్సెస్ రేటు ఎంతండీ" అని అడగడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. "మా నాన్నగారిలాంటి పంపింగ్, కిడ్నీ ఉన్నవాళ్లకు పోయిన ఏడాది ఎంతమందికి చేశారు, వాళ్లెలా ఉన్నారు" అంటే మాట కొంచెం దగ్గరికొస్తుంది. కేసును సర్జన్, స్టెంట్ వేసే డాక్టరు ఇద్దరూ కలిసి చూశారా అనీ అడగొచ్చు. లెఫ్ట్ మెయిన్, మూడు నాళాల జబ్బుల్లో అలా కలిసి చూడాలనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. షాక్‌లో ఉన్న మనిషి విషయంలో ఇవేవీ అడిగే టైమ్ ఉండదు, దగ్గర్లో క్యాత్ ల్యాబ్ (యాంజియో తీసి స్టెంట్ వేసే గది) ఉన్నచోటికి పరుగెత్తడమే.

టైమ్ ఉన్నవాళ్లకు ఇంకో ప్రశ్న మిగిలి ఉంటుంది: "ఇలాంటి కేసుల్లో మీరు వద్దనేవి ఉంటాయా, ఎందుకు వద్దంటారు?" కొందరికి నిజంగానే ఆపరేషన్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. అలాంటప్పుడు డాక్టరు చిత్రం తెర మీద పెట్టి, ఈ నాళం ఇక్కడిదాకా సన్నబడిపోయింది చూడండి, దీనికి అతకడానికి చోటు లేదు అని చూపించగలుగుతారు. "రిస్క్ ఎక్కువండీ, మందులు వాడుకోండి" అని ఫైలు మూసేస్తే మాత్రం, ఆ రిస్క్ ఎవరికన్నది తేల్చుకోవాలి. సీడీ వెనక్కి తీసుకుని, క్లిష్టమైన కేసులు ఎక్కువగా చూసే ఇంకోచోట ఒకసారి చూపించుకోవడానికి మొహమాటపడక్కర్లేదు.